లోడు దించే ముందు లెక్క: మొక్కలు, పిలకలు, సంచులతో వచ్చే పురుగు ముప్పును అంచనా వేయడం ఎలా

ఉద్దానం నుంచి, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి ఒకే రకం ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. "కడియం నర్సరీల నుంచి కొబ్బరి మొక్కలు దింపుకుంటున్నాం, తెల్లదోమ రాదు కదా?" "ఇచ్ఛాపురం అవతల నుంచి అరటి పిలకలు చవగ్గా ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" "జామ అంటు మొక్క బాగానే ఉంది, ఏడాదికే ఎండిపోయింది, ఎందుకు?" వీటికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ఒక గంట కూర్చుంటే కాగితం మీద మీరే తేల్చుకోవచ్చు. పక్క దేశం నుంచి పండో విత్తనమో రానిచ్చే ముందు ప్రభుత్వాలు వేసే లెక్కే ఇది. ఇక్కడ ఒక తోటకు, ఒక వ్యాన్ లోడుకు సరిపడేలా కుదించి ఇస్తున్నాం.

పంట పేరు చూసి భయపడకండి, పంట పేరు చూసి ధైర్యపడకండి. సరుకు ఏ రూపంలో వస్తోంది, వచ్చాక ఎక్కడికి పోతుంది అన్నదే అసలు సంగతి. పీచు వలిచిన కొబ్బరికాయ వంటింట్లోకి పోతుంది. దానితో వచ్చిన పురుగుకు దారి అక్కడే మూసుకుపోతుంది. అదే కొబ్బరి ఆరు ఆకుల మొక్కగా వస్తే ఆకు, మొదలు, వేరు, మట్టి అన్నీ కలిసి నేరుగా మీ తోటలో దిగుతాయి.

కావలసినవి

- 10 రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం
- తెల్ల కాగితం, పసుపు రంగు జిగురు అట్టలు
- రెండు బకెట్ల నీళ్ళు, పాత కత్తెర
- మూతి బిగుతుగా కట్టగలిగే పాలిథిన్ కవర్లు, మార్కర్ పెన్ను
- తోటకు దూరంగా, గాలి తోట వైపు వీచని పక్కన కాస్త నీడ స్థలం
- ఒక నోటు పుస్తకం. ఇది లేకపోతే పై వాటితో పెద్దగా ప్రయోజనం ఉండదు.

1. లోడును విడదీసి రాయండి

"200 జామ మొక్కలు" అని రాస్తే సరిపోదు. ఆ వ్యాన్‌లో నిజంగా ఏమేం వస్తున్నాయో ఒక్కొక్కటీ రాయండి: మొక్క ఆకులు, కాండం, వేర్లు, కవరులోని మట్టి, మొక్కలు నలగకుండా మధ్యలో కుక్కిన పచ్చి ఆకులు, వ్యాన్ అడుగున పాత లోడు తాలూకు చెత్త, నర్సరీవాళ్ళు కొసరుగా ఇచ్చిన రెండు క్రోటన్లు. ఈ కొసరు మొక్కల్ని ఎవరూ చూడరు. సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో పాటు అరటి, జామ, సీతాఫలం, ఎన్నో అలంకరణ మొక్కల మీద కూడా బతుకుతుంది. కొబ్బరి మొక్కలన్నీ శుభ్రంగా చూసుకుని, వాకిట్లో పెట్టిన క్రోటన్ దగ్గర దొరికిపోయేవాళ్ళు చాలామంది.

2. ఆ సరుకుతో రాగల పురుగులు, తెగుళ్ళు మూడు నుంచి ఐదు ఎంచుకోండి

పుస్తకంలో ఉన్న ముప్పై పేర్లూ రాయకండి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఎక్కువగా వచ్చే సరుకులకు ఇవి చాలు:

కొబ్బరి మొక్క: సర్పిలాకార తెల్లదోమ, పొలుసు పురుగులు, ఆకు అడుగున గూళ్ళు కట్టే నల్లతల పురుగు. తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మొదట కనిపించింది. అక్కడి నుంచి నర్సరీ మొక్కలతో పాటు ఊళ్ళు దాటింది. కడియం పేరు వినగానే వద్దనుకోనక్కర్లేదు. నర్సరీకీ నర్సరీకీ చాలా తేడా ఉంటుంది.

జామ అంటు: వేరుముడి నులిపురుగు. ఈ పట్టికలో మమ్మల్ని అన్నిటికన్నా కంగారు పెట్టేది ఇదే. ఆకు పచ్చగా ఉంటుంది, పురుగు కవరు మట్టిలో ఉంటుంది.

అరటి పిలక: మొవ్వు ఆకులు గుబురుగా ముడుచుకునేలా చేసే బంచీ టాప్ వైరస్, పనామా ఎండు తెగులు, దుంప తొలిచే ముక్కు పురుగు. పనామా తెగులులో టీఆర్4 అనే కొత్త రకం బిహార్, ఉత్తరప్రదేశ్ అరటి తోటల్లో ఉంది. అది మట్టితో, పిలకతో ప్రయాణం చేస్తుంది. ఒకసారి నేలలో దిగితే దశాబ్దాలు ఉండిపోతుంది.

మామిడి: పండు ఈగ, టెంక పురుగు. అంటు కట్టడానికి వేరుమూలంగా వాడే టెంకలు గుజ్జు ఫ్యాక్టరీల నుంచి బస్తాలకొద్దీ వస్తాయి. టెంక పురుగు వచ్చే దారి అదే.

పాత గోనె సంచులు: కుట్ల మధ్య దాగే ఖాప్రా పెంకు పురుగు. దాని పిల్ల పురుగు తిండి లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బతుకుతుంది.

పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు లోడు: కొమ్ము పురుగు పిల్లలు. 'సి' ఆకారంలో ముడుచుకుని, లావుగా, తెల్లగా ఉంటాయి. కొబ్బరి తోటలోకి ఎరువు కొంటున్నారంటే గడ్డపారతో కుప్పను నాలుగు చోట్ల తిరగేయండి.

3. "మన దగ్గర ఇప్పటికే ఉందా?"

ప్రతి పేరు పక్కన మూడింటిలో ఒకటి రాయండి: "మా తోటలో ఉంది", "మండలంలో ఉంది, మా తోటలో లేదు", "లేదు". పక్క రైతులను, రైతు సేవా కేంద్రంలో ఉన్నవాళ్ళను అడగండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోటో చూపించండి. ఉద్దానంలో తెల్లదోమ ఉన్న తోటలోకి తెల్లదోమ ఉన్న మొక్క వస్తే కొత్తగా పోయేది తక్కువ. తెల్లదోమ లేని మెట్ట ప్రాంతంలో కొత్తగా కొబ్బరి పెట్టేవారికి అదే మొక్క పెద్ద చిక్కు.

4. నాలుగు ప్రశ్నలకు మార్కులు వేయండి

*రాక.* ఆ రూపంలో రాలేకపోతే 0. అరుదుగా వస్తే 1. వస్తుంది కానీ కంటితో పట్టుకోగలిగితే 2. వస్తుంది, పైకి కనిపించదు అంటే 3.

*నిలకడ.* అది తినే చెట్టు గానీ, దానికి పడే వాతావరణం గానీ మన దగ్గర లేకపోతే 0. వాతావరణం అంతంతమాత్రంగా పడితే 1. ఏడాదిలో కొన్ని నెలలే పడితే 2. ఏడాది పొడవునా పడితే 3.

*వ్యాప్తి.* ఉన్నచోటే ఉంటే 1. నీరు, మట్టి, పనిముట్లతో పాకితే 2. ఎగిరో, గాలికో పోతే 3.

*నష్టం.* ఇప్పటికే మీ దగ్గర ఉంటే, లేదా తేలిగ్గా అదుపయ్యేదైతే 1. దిగుబడి తగ్గించేదైతే 2. చెట్టును చంపేదైతే, లేదా ఆ నేలలో ఆ పంటే పెట్టలేని స్థితి తెచ్చేదైతే 3.

5. కూడకండి, గొలుసు లెక్క వేయండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నాలుగు మార్కులూ కూడేసి "పన్నెండుకు ఎనిమిది వచ్చింది, ప్రమాదం" అంటారు. రాక, నిలకడ, వ్యాప్తి ఒకదానికొకటి తగిలించిన గొలుసు కొక్కేలు. ఒక్కటి తెగితే పురుగు ఆగిపోతుంది. అందుకని ఆ మూడింటిలో అన్నిటికన్నా తక్కువ అంకెను తీసుకుని నష్టం మార్కుతో గుణించండి.

ఆపిల్ కాయ తొలిచే కాడ్లింగ్ పురుగు మన దేశంలో లద్దాఖ్‌లో ఉంది. ఒక పెట్టెలో శ్రీకాకుళం రైతు బజారు దాకా వచ్చిందనే అనుకుందాం. దానికి ఆపిల్, బేరి, అక్రోటు లాంటి చెట్లు కావాలి, మనకు లేవు. నిలకడ 0, మొత్తం 0. కూడిక లెక్కలో దీనికీ ఆరేడు మార్కులు పడి నిద్ర పట్టకుండా చేస్తుంది.

జామ కవరు మొక్కలో నులిపురుగు: రాక 3, నిలకడ 3, వ్యాప్తి 2, నష్టం 3. తక్కువది 2, మూడుతో గుణిస్తే 6.

తెల్లదోమ లేని తోటలోకి కొబ్బరి మొక్క: రాక 2, నిలకడ 3, వ్యాప్తి 3, నష్టం 2. మొత్తం 4. అదే తోటలో ఇప్పటికే ఉంటే నష్టం 1, మొత్తం 2.

గోనె సంచుల్లో ఖాప్రా: రాక 2. అది వేడి, పొడి ప్రాంతాల పురుగు, మన తీరం తేమ దానికి అంతగా పడదు కాబట్టి నిలకడ 1. వ్యాప్తి 2. నిల్వ ధాన్యాన్నే పనికిరాకుండా చేస్తుంది కాబట్టి నష్టం 3. మొత్తం 3.

ఎండిన మొక్కజొన్న విత్తనంతో కత్తెర పురుగు: రాక 0. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన ఆ పురుగు తల్లి రెక్కల పురుగుగా రాత్రికి రాత్రి పదుల కిలోమీటర్లు ఎగిరే రకం. దాని కోసం విత్తన సంచిని ఆపి ప్రయోజనం లేదు. చేలో మొవ్వు చూసుకోవడమే పని.

0 నుంచి 2 వస్తే మామూలు చూపు చాలు. 3, 4 వస్తే షరతులతో తీసుకోండి. 6, 9 వస్తే ఆ రూపంలో వద్దు, రూపం మార్చండి.

ఒక హెచ్చరిక: తెలియని చోట 0 వేయకండి. 2 వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పిలకలు ఏ తోటవో అమ్మేవాడికే తెలియదంటే అదే 2, పక్కన ప్రశ్నార్థకం.

6. రూపం మార్చడం ఎలా

కొబ్బరి మొక్కలకు బదులు విత్తన కాయలు తెచ్చుకోండి. ఆకు లేని కాయతో తెల్లదోమ రాదు. 11, 12 నెలలు నిండిన కాయలు తెచ్చి ఇంటి దగ్గరే నారుమడి కట్టుకుంటే ఏడాది ఆలస్యం అవుతుంది, నిజమే. అంత ఆగలేకపోతే మొక్కలే తీసుకోండి, కానీ 9 నుంచి 12 నెలల వయసు, కనీసం 6 ఆకులు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉన్నవే ఏరుకోండి. బలహీనమైన మొక్కను పురుగు త్వరగా లొంగదీసుకుంటుంది.

అరటికి టిష్యూ కల్చర్ మొక్కలు తీసుకోండి. వైరస్ పరీక్ష చేసినట్టు ధ్రువీకరణ లేబుల్ ఉందో లేదో అడగండి. "ల్యాబ్ మొక్క" అన్న మాట మాత్రం సరిపోదు. బంచీ టాప్ ఉన్న ప్రాంతాల అరటి పిలకల రవాణా మీద 1914 నాటి చట్టం కింద దేశంలోపలే ఆంక్షలున్నాయి.

జామకు, దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న చెట్టు నుంచి గాలి అంట్లు కట్టించుకోండి. తోట మట్టి ముట్టకుండా కొబ్బరి పొట్టులో వేరు పోయించండి. మొక్క ఎక్కడిదన్నది పక్కనపెట్టి, అది ఏ మట్టిలో పెరిగిందో చూడండి.

గోనె సంచులైతే లోపలి వైపు బయటికి తిప్పి, కుట్లు సలసల కాగే నీళ్ళలో ముంచి, నల్ల షీటు మీద ఎండలో బాగా ఆరనివ్వండి. విత్తన ధాన్యానికైతే పాత సంచి వాడనే వద్దు.

7. లోడు వచ్చిన రోజు చూడడం

ఉదయం వేళ దింపించండి. రాత్రి టార్చి వెలుగులో చూసింది చూసినట్టు కాదు. రోడ్డు పక్కన మీ కొబ్బరి చెట్టు కిందే దింపి, అక్కడే చూడడం మొదలుపెట్టేవాళ్ళున్నారు. వ్యాన్ తలుపు తీసిన క్షణానే రెక్కల పురుగు ఎగిరిపోయి ఉంటుంది. విడిగా పెట్టుకున్న నీడ స్థలం దగ్గరికే వ్యాన్ తీసుకెళ్ళండి.

ఎన్ని చూడాలి? ఎకరాకు సరిపడా 70 కొబ్బరి మొక్కలే అయితే అన్నీ చూడండి. పెద్ద లోడుకు ఈ అంకెలు పెట్టుకోండి. లోడులో నూటికి 5 మొక్కలకు పురుగు ఉంటే, నూటికి 95 పాళ్ళు అది మీకు దొరకాలంటే 100 మొక్కల్లో 45, 200లో 51, 500లో 56 చూడాలి. లోడు పెరిగినంతగా చూడాల్సిన సంఖ్య పెరగదు. నూటికి ఒక్క మొక్కకే ఉన్నా పట్టుకోవాలంటే మాత్రం పెద్ద లోడులో దాదాపు 300 చూడాలి. పురుగు ఉన్న మొక్కల్లో ఐదింట ఒకటి మీ కంటికి తప్పిపోతుందనుకుంటే, పెద్ద లోడులో 60 దగ్గర ఆగే లెక్క 74కు చేరుతుంది. భూతద్దం లేకుండా చూస్తే ఇంకా ఎక్కువ తప్పుతాయి.

పైన ఉన్నవాటిని మాత్రమే ఏరితే ఈ లెక్కలన్నీ వృథా. వ్యాన్ ముందు, మధ్య, వెనక, అడుగు వరస నుంచి సమానంగా తీయండి. నిగనిగలాడే మొక్కలు పై వరసలో పెట్టడం పాత అలవాటే.

ఒక్కో మొక్కను ఇలా చూడండి: ఆకును తిప్పి అడుగు భాగం చూడండి. తెల్లదోమ గుడ్లు చుట్టలు చుట్టలుగా, వేలితో మైనం మీద గీసినట్టు, తెల్లని పొడితో ఉంటాయి. కింది ఆకు పైభాగాన బంక తగిలితే, దాని మీద మసి పట్టి ఉంటే పైన పురుగు ఉన్నట్టే. తర్వాత మొవ్వు మొదలు, కాండం, కవరు అడుగు రంధ్రాలు. లేత ఆకుల మీద తామర పురుగు అనుమానం ఉంటే తెల్ల కాగితం కింద పట్టి కొమ్మను నాలుగు సార్లు తట్టండి.

జామకు ఇది చాలదు. కనీసం పది మొక్కల కవర్లు కోసి, వేర్లను బకెట్లో మెల్లగా కడగండి. కుళాయి కింద ధారగా కడిగితే సన్న వేర్లు తెగిపోయి ముడులు వాటితోనే కొట్టుకుపోతాయి. వేరు మీద పూసలు గుచ్చినట్టు ఉబ్బులు కనిపిస్తే, గోటితో గీరినా ఊడిరాకపోతే అవి నులిపురుగు ముడులు. పదిలో ఒక్కదానికి ఉన్నా లోడు మొత్తం వెనక్కే. పది మొక్కలు పాడయ్యాయని బాధపడకండి. ఎకరం జామ నేలకన్నా అవి ఖరీదైనవి కావు.

ఈ షరతు ముందే మాట్లాడుకోండి. "చూశాక పురుగు ఉంటే వాపసు" అని బిల్లు మీద రాయించుకుని, పూర్తి డబ్బు చూడకముందు ఇవ్వకండి.

8. 45 రోజులు విడిగా

శుభ్రంగా కనిపించిన మొక్కల్ని కూడా వెంటనే నాటకండి. తెల్లదోమ గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి దాదాపు నెల పడుతుంది. ఇవాళ గుడ్డుగా మీ కంటికి తప్పింది, నెల దాటాక రెక్కలతో బయటపడుతుంది. అందుకే 45 రోజులు. మధ్యలో రెండు మూడు పసుపు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టి, వారానికోసారి లెక్క రాయండి. ఈ మొక్కలకు నీళ్ళు పోసిన మనిషి అదే చొక్కాతో పాత తోటలోకి పోకూడదు. విడి స్థలంలో కారిన నీరు తోట కాలువలో కలవకూడదు.

9. దొరికితే

ఒకటి రెండు మొక్కలకే ఉంటే ఆ మొక్కలను అక్కడికక్కడే కవర్లో పెట్టి మూతి కట్టి, రోజంతా ఎండలో పెట్టి, తర్వాత లోతుగా పాతండి. పక్క మొక్కల ఆకు అడుగు తడిసేలా లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి కొట్టండి. తేమ ఉన్న సాయంత్రాల్లో ఐసేరియా శిలీంద్రం పొడి లీటరుకు 5 గ్రాములు పని చేస్తుంది. దానితో తెగుళ్ళ మందు కలిపితే శిలీంద్రమే చచ్చిపోతుంది. తెల్లదోమ పిల్ల పురుగులు కొన్ని నల్లగా మారి, మీద గుండ్రటి చిల్లు ఉంటే సంతోషించండి. ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి కందిరీగ పని చేస్తోందన్నమాట. అప్పుడు ఘాటు మందులు కొట్టకండి, మీ కూలీని మీరే చంపినట్టవుతుంది.

తెలియని పురుగైతే చంపకుండా ఆకుతో సహా చిన్న సీసాలో మూసి, తేదీ, ఊరు, లోడు ఎక్కడిదో రాసి నైరా వ్యవసాయ కళాశాలకో, కృషి విజ్ఞాన కేంద్రానికో పట్టుకెళ్ళండి. ఫోన్లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.

తరచూ జరిగే పొరపాట్లు

"మందు కొట్టే పంపించాం" అన్న మాట నమ్మడం. మందు రెక్కల పురుగును రాలుస్తుంది. గుడ్లు, మైనం కింద ఉన్న పిల్ల పురుగులు మిగిలిపోతాయి. మొక్క చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అందుకే ఇది మరీ ప్రమాదం.

మొక్కను చూసి మట్టిని వదిలేయడం. కవరు మట్టితో నులిపురుగే కాదు, వయ్యారిభామ గింజలూ వస్తాయి.

పచ్చి ఆకుల ప్యాకింగ్‌ను గట్టు మీద పారేయడం. కాల్చండి, లేదా పాతండి.

విదేశం నుంచి వస్తూ సంచిలో గింజలు, పిలకలు తేవడం. విదేశీ మొక్కకైనా, విత్తనానికైనా 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద నిబంధనలున్నాయి. మనకు దగ్గరి క్వారంటైన్ స్టేషన్ విశాఖపట్నంలో ఉంది. గల్ఫ్ నుంచి ఖర్జూరం పండ్లు తెచ్చుకోండి, చెట్టు పిలక మాత్రం వద్దు. ఆ పిలక మొదలు లోపల ఎర్రముక్కు పురుగు ఉంటే కొబ్బరికి ఎక్కుతుంది. కంటైనర్ల నుంచి చెక్క ప్యాలెట్లు కొనేవారు గోధుమ కంకి గుర్తు ఉన్నవే తీసుకోండి. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడం లాంటి శుద్ధి జరిగిందని ఆ గుర్తు చెబుతుంది.

మీ అంచనా సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు "శుభ్రం" అన్న మొక్కల్లోంచి 20 తీసి, మీ గుర్తులు చూపించకుండా ఇంట్లో ఇంకొకరి చేత చూపించండి. వారికి రెండు మూడింటిలో పురుగు దొరికితే, మిగతా లోడంతా మళ్ళీ చూడాల్సిందే. 45 రోజుల్లో జిగురు అట్టల మీద తెల్లదోమలు వారం వారం పెరిగితే రాక మార్కును 3కు మార్చండి, ఆ లోడును నాటకండి. నాటాక మూడో నెలలో, ఆరో నెలలో కొత్త మొక్కలతో పాటు వాటి పక్కన ఉన్న పాత చెట్లు కూడా చూడండి. కొత్తవాటికే ఉండి పాతవాటికి లేకపోతే లోడుతో వచ్చిందనుకోవచ్చు. రెంటికీ సమానంగా ఉంటే ముందే ఉండి ఉంటుంది, మూడో అడుగులో మీరు రాసుకున్నదే తప్పు. పుస్తకంలో ఆ పేజీ తీసి, "లేదు" అని రాసిన చోట కొట్టేసి, తేదీ వేసి "ఉంది" అని రాయండి. వచ్చే లోడు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.